పురిటిగదిలో తల్లిచేపలు

బహుళ తదియ

చేపల షెడ్డు కాపలా ఎవరిదైతే ఈ రాత కూడా వాళ్ళదే అని మా ఊరు మూడో గట్టులో కట్టుబాటు. మగవాళ్ళు బాయిలర్‌కి ఊక కోసం పడవలేసుకుని ఎగువకి పోయారు. అందుకని కాపలా నాకొచ్చింది. నా పేరు అచ్చాయమ్మ. నేను చదివింది నాలుగో తరగతి. తప్పులుంటే తర్వాత కాపలాకి వచ్చేవాళ్ళు దిద్దుకోండి, నవ్వుకోవద్దు.

పొద్దున షెడ్డు మీద టార్పాలిన్‌కి పట్టిన మంచుపొరని చీపురుతో కొట్టి రాల్చాను. కొడుతున్నంతసేపూ అది చిరుగుతుందేమోనని భయం. చిరిగితే ఇంకోటి లేదు. నా చిన్నప్పుడు మంచు అంటే ధనుర్మాసంలో గడ్డి మీద తడి. ఆకాశానికి ఈ ముసుగు పడ్డాక వైశాఖంలో కూడా కాలవ ఒడ్డు కాలి కింద పటపటా పగులుతోంది. సూర్యుడు పాలలో పడ్డ వెన్నముద్దలా ఎక్కడో కనపడతాడు. చంద్రుడైతే అదీ లేదు. కాలవలోకి వచ్చే పోటు చూసి తిథి చెప్పుకుంటున్నాం.

సంచుల్లో తవుడు నింపి షెడ్డు లోపల చెరువులో గెడలకి కట్టాను. ఎప్పుడూ సంచి నీళ్ళకి తగలడం ఆలస్యం, బొచ్చె చేపలు మూతులు పెట్టి గుంజేవి. ఇవాళ ఒక్కటీ రాలేదు. ఎక్కడికి పోయాయా అని చూస్తే, తూర్పు మూల వేడినీళ్ళ గొట్టం దిగే చోట అన్నీ గుంపుకట్టి ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి, కదలకుండా. మొప్పలు పాలిపోయి ఉన్నాయి. కొన్ని అక్కడే వెల్లకిలా తేలాయి.

వెంటనే ఇమ్మానుయేలు గారిని పిలిచాను. ఆయన చేపలకొచ్చే వైరస్ జబ్బుల మీద పరిశోధన చేసే శాస్త్రవేత్త. మైక్రోస్కోపు, కోసిన ముక్కలు నిలవచేసే సారా సీసాలు పట్టుకుని పోయిన పున్నమికి మా గట్టుకి వచ్చారు. అందరం చేపల డాక్టరు గారని పిలుస్తాం. డాక్టరైతే బతికుండగా వస్తాడండి, నేను చేపలు చచ్చాక వస్తాను అంటారాయన. ఇవాళ మాత్రం ఆ మాట అనలేదు. మొప్పల్లోంచి చిన్న ముక్కలు కోసి సీసాలో వేసుకున్నారు. వైరస్సేనన్నారు. మందు ఉందా అంటే వైరస్‌కి మందు లేదన్నారు. ఐదో గట్టులో ముందే మొదలైంది, అక్కడెలా ఉందో చూసొస్తానని పడవ ఎక్కారు.

ఆయన వెళ్ళిన దగ్గర్నించీ చెరువు చుట్టూ తిరుగుతూనే ఉన్నాను. వరి ఈ చలికి గింజ పట్టడం మానేసింది. గట్టు మొత్తానికి తిండి ఈ షెడ్డే. మూల ఉన్న సిమెంటు తొట్టిలో తల్లిచేపలున్నాయి. పోతులూ అందులోనే ఉన్నా అందరం తల్లిచేపలనే అంటాం. పెద్ద చెరువు పోయినా మళ్ళీ పిల్ల పుట్టేది వాటి నించే. అవి పోతే గట్టు వదిలి పోవాలి. ఎక్కడికి పోతామో చెప్పేవాళ్ళు లేరు.

మా ఇంటి పక్క పురిటిగదిలో చూస్తే మా అమ్మాయి సత్యవేణి బాలింత. నెలలు నిండకుండానే ఆడపిల్లని కన్నది. పిల్ల నా రెండు అరచేతుల్లో ఇమిడిపోతుంది. ఉందో లేదో అని గంటకోసారి ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తున్నాను. సత్యవేణి తిడుతోంది.

బహుళ చవితి

ఇంకా చచ్చాయి. అన్నీ ఆ గొట్టం కిందే. ఆడవాళ్ళందరూ షెడ్డులోకి వచ్చారు. నూకరత్నం వచ్చింది.

నూకరత్నం సంగతి రాయాలి. ఆవిడ తాత కాలవ మీద లస్కరు. ఏ చేనికి ఎప్పుడు నీళ్ళు వదలాలో ఆయన చేతిలో ఉండేది. ఇప్పుడు ఈవిడ వేడికి లస్కరు. బాయిలర్ నించి వేడినీళ్ళ గొట్టం ఇంటింటికీ వంతు ప్రకారం వస్తుంది. వంతు అయిపోతే ఎవరు బతిమాలినా వాల్వు కట్టేస్తుంది. వంతు లేనివి రెండే. ఒకటి చేపల షెడ్డు. రెండోది పురిటిగది. ఊరు తగలబడుతున్నా పురిటిగది గొట్టం కట్టకూడదని ముసుగు పడ్డ ఏడాదే పెద్దలు ఒట్టు వేసుకున్నారు.

నూకరత్నం గొట్టం మూతి దగ్గర చెయ్యి పెట్టి చూసింది. నేనే అన్నాను, పాపం ఎక్కడికీ పోలేక ఆ వేడికి ఉడికిపోతున్నాయని. అందరూ అవునన్నారు. మనకి బాగుందని వాటికి బాగుంటుందా, నీటి పురుగుకి వేడి పడుతుందా అన్నారు. డాక్టరు గారు వచ్చేదాకా ఆగుదామని ఒకావిడ అంటే, వచ్చేసరికి పులుసు మిగులుతుందని ఇంకొకావిడ.

నూకరత్నం చక్రం తిప్పి కట్టేసింది. చేపలు అక్కణ్ణించి కదలలేదు. గొట్టానికేసి మూతులు పెట్టుకుని అలాగే నిలబడ్డాయి. పోనీలే, చల్లబడ్డాక వాటికే తెలుస్తుందనుకున్నాం.

మిగిలిన వేడి ఊళ్ళోకి మళ్ళింది. సాయంత్రం ప్రతి ఇంటికీ ఇంకో వంతు వచ్చింది. పిల్లలకి తలంట్లు పోశారు. చాన్నాళ్ళకి వీధిలో కుంకుడు వాసన వచ్చింది. నాకూ హాయిగానే అనిపించింది. ఆ హాయి చూసి మళ్ళీ భయం వేసింది.

బహుళ షష్ఠి

రాయడానికి చెయ్యి రావడం లేదు. చెరువు మీద చేపల పొట్టలు తెల్లగా పరిచినట్టయింది. నీళ్ళు కనపడటం లేదు. నిన్నంతా వలలతో తోడాం, ఇవాళా తోడుతున్నాం. బావుంటే ఎండబెట్టుకుందామని మొప్పలెత్తి చూస్తే అప్పటికే కుళ్ళిపోయి ఉన్నాయి.

మధ్యాహ్నం ఇమ్మానుయేలు గారు వచ్చారు. పడవ దిగి నేరుగా తూర్పు మూలకి వెళ్ళి గొట్టం మీద చెయ్యి వేశారు. చల్లగా ఉంది. ఎవరు కట్టారని అడిగారు. నేనేనంది నూకరత్నం. నేనే చెప్పానన్నాను నేను. అందరం అని ఇంకెవరో అన్నారు.

ఆయన అరుస్తారనుకున్నాను. అరవలేదు. గట్టు మీద కూలబడ్డారు.

“ఐదో గట్టులోనూ ఇదే చేశారండి,” అన్నారు. “అందరూ జాలిపడే కట్టేశారు.”

తర్వాత నెమ్మదిగా చెప్పారు. అక్కడ అన్ని తొట్లూ పోయాయట. ఒక్క తొట్టి మాత్రం నిలిచింది. దాని వాల్వు తుప్పు పట్టి తిరగలేదు, కట్టలేకపోయారు. అందులో చేపలు నాలుగు రోజులు గొట్టం కింద పడుండి, తర్వాత వాటంతటవే విడిపోయి మేతకి వచ్చాయట. అది చూసేదాకా తనకీ తెలియదన్నారు. గాలి ఆడక అక్కడికి చేరుతున్నాయేమో అనుకున్నానన్నారు.

“మనకి జబ్బు చేస్తే ఒళ్ళే కాగుతుందండి. ఆ కాకకి వైరస్ నశిస్తుంది. చేపకి ఒంట్లో పొయ్యి లేదు. నీళ్ళెంత చల్లనో అదీ అంతే. జ్వరం కావాలంటే వెచ్చటి చోటు వెతుక్కుంటూ పోవాలి. అవి అక్కడికి చావడానికి రాలేదమ్మా. జ్వరం కోసం వచ్చాయి.”

నూకరత్నం వెళ్ళి చక్రం మళ్ళీ తెరిచింది. తెరిచి ఏం లాభం. నాకైతే ఆ మూతులే కళ్ళ ముందు ఉన్నాయి. అవి గొట్టాన్ని అడుగుతున్నాయి. మేం పిల్లలకి తలంట్లు పోసుకున్నాం.

బహుళ సప్తమి

భయపడిందే అయింది. తల్లిచేపలు కూడా తొట్టిలో ఒక మూలకి చేరాయి. మేత ముట్టడం లేదు.

ఇమ్మానుయేలు గారు థర్మామీటరు పట్టుకుని పొద్దుటినించి షెడ్డుకీ బాయిలర్‌కీ తిరుగుతున్నారు. చంటిపిల్లకి పోసే నీళ్ళంత గోరువెచ్చగా ఉండాలట. ఒక పూట కాచి పోస్తే కుదరదు, అదే వేడి కొన్ని రోజులు తగ్గకుండా నిలవాలి. అందరూ తమ వంతులు వదులుకున్నారు. ఎవరినీ అడగక్కర్లేకపోయింది. ఇళ్ళల్లో గొట్టాలన్నీ కట్టేసి, వేడంతా షెడ్డుకి మళ్ళించాం. అయినా నీళ్ళు కాగడం లేదు. షెడ్డు పెద్దది, పైన ఉత్త టార్పాలిన్. వచ్చిన వేడి వచ్చినట్టే పైకి పోతోంది. ఊక అడుగంటుతోంది.

సాయంత్రం నూకరత్నం, ఆయన, ఇంకో నలుగురు మా ఇంటి వైపు వచ్చారు. రావడం చూడగానే నాకు అర్థమైంది. వెళ్ళి పురిటిగది గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. ఊళ్ళో మందంగా మట్టిగోడ పెట్టి, లోపల గడ్డి కూరి కట్టిన గది అదొక్కటే. వేడి నిలిచేది అందులోనే. ఆ గది గొట్టాన్ని కొన్నాళ్ళు తల్లిచేపల తొట్టికి తిప్పుదామని, తొట్టి చుట్టూ గడ్డిమోపులు పేరుస్తామని నూకరత్నం అంది. కళ్ళు పైకెత్తకుండా అంది.

“పెద్దలు ఒట్టు వేసింది నీ చేతిలో చెయ్యి వేసేగా,” అన్నాను. “నా మనవరాలి ఊపిరి చూశావా నువ్వు? దీపం ఒత్తిలా ఉంది.”

“చూశాను వదినా. ఊళ్ళో పిల్లలందర్నీ కూడా చూస్తున్నాను.”

“వాళ్ళకి తలంట్లు పోశావుగా.”

ఆ మాట అనకుండా ఉండాల్సింది. నా నోటికి ఆపడం తెలియదు. ఇమ్మానుయేలు గారు నా వైపు చూసి, నేను అడగలేనమ్మా, నేను అడగను అని వెనక్కి తిరిగారు. తల్లిచేపలు పోతే ఊరంతా పోతుందని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. తెలిసీ నేను గుమ్మం వదల్లేదు. వాళ్ళూ వెళ్ళలేదు.

అప్పుడు లోపలి నించి సత్యవేణి మాట వినపడింది. పడుకునే అంది.

“గొట్టాన్ని తీసుకెళ్ళడం ఎందుకమ్మా. చేపల్నే ఇక్కడికి తెమ్మను.”

నాకు అర్థం కాలేదనుకుని మళ్ళీ చెప్పింది. గది నిండా ఖాళీయే, నా మంచం ఓ గోడకి జరిపితే తొట్లు పడతాయి, నువ్వా గుమ్మం వదిలితే, అంది. ఎవరో నవ్వారు. నవ్వి వెంటనే ఊరుకున్నారు.

బహుళ అష్టమి

తడి గోనెల్లో చుట్టి ఒక్కో తల్లిచేపని ఇద్దరేసి ఆడవాళ్ళు మోసుకొచ్చారు. జారిపోతుందేమోనని పక్కన నేను పరుగు. పెద్ద బొచ్చె ఒకటి గుమ్మంలో ఎగిరి నూకరత్నం చెంప మీద తోకతో కొట్టింది. ఆవిడ తుడుచుకోకుండానే మోసింది. ఫైబర్ తొట్లు గోడ వారగా పెట్టి, గొట్టాన్ని వాటి మీదుగా తిప్పి, నీళ్ళని నెమ్మదిగా వెచ్చబెట్టాం. ఒక్కసారి వేడి చేస్తే చస్తాయట.

పురుడు తీరేదాకా ఆ గదిలోకి మగవాళ్ళు రాకూడదు. ఇమ్మానుయేలు గారు గుమ్మం అవతల పీట వేసుకుని కూర్చున్నారు. ఇది ప్రాణం మీదికొచ్చిన పని, రండి అని నూకరత్నం అన్నా రాలేదు. మా అమ్మ కూడా పురిటిగదిలోకి మగవాళ్ళెవర్నీ రానిచ్చేది కాదండి, ఆవిడ వింటే ఇప్పటికీ తంతుంది అన్నారు. థర్మామీటరుకి దారం కట్టి తలుపు సందులోంచి ఇస్తే, మేము చూసి చెబుతున్నాం.

నాకున్న భయం ఆయన్ని అడిగాను. ఈ వైరస్ పిల్లకి అంటదు కదా.

“అంటదమ్మా. ఇది చేపలదే. మనుషుల జోలికి రాదు.”

“మీరు ఖాయంగా చెప్తున్నారా?”

“ఇరవై ఏళ్ళుగా ఈ నీళ్ళలోనే నా చేతులు నానుతున్నాయండి. పొలుసు మొలవలేదు.”

మళ్ళీ ఇంకోసారి అడిగాను. మళ్ళీ ఓపిగ్గా చెప్పారు. మూడోసారి అడగబోతే సత్యవేణి దుప్పటి ముసుగు పెట్టుకుంది.

వేడి నీళ్ళలో గాలి తక్కువట, చేపలు నోళ్ళు తెరుస్తున్నాయి. కమ్మరి కొలిమి తిత్తి తెచ్చి, దానికి సన్నగొట్టం తగిలించి నీళ్ళలోకి దింపాం. సత్యవేణి పడుకునే ఒక చేత్తో తిత్తి నొక్కుతోంది. రెండో చేతిలో పిల్ల. గది నిండా చేపల కంపు, సాంబ్రాణి. ఇలాంటి పురుడు నేనెక్కడా చూడలేదు.

బహుళ దశమి

తల్లిచేపలు గొట్టాన్ని అంటిపెట్టుకునే ఉన్నాయి. ఒక శీలావతి చేప పోయింది. దాన్ని బయటికి తీసుకెళ్ళి మొప్పలు కోసి చూశారు ఆయన. గుమ్మం దగ్గరికి వచ్చి పీట మీద కూర్చున్నారు. అడిగితే, వైరస్ ఇంకా ఉందండి, చాలా ఉంది అన్నారు.

ఆయన కూడా తిండి మానేశారు. గంజి పెడితే తొట్టిలో వేడెంత అని అడుగుతున్నారు. ఆయన చేసిన పరిశోధనంతా చచ్చినవాటి మీదే జరిగిందట. ఇది ఎలా తగ్గుతుందో చూసింది ఐదో గట్టులో ఆ ఒక్క తొట్టిలోనే. అది కూడా సగం చూశాను, నేను వెళ్ళేసరికే తేరుకుంటున్నాయి అన్నారు. అంటే ఆయనకీ ఖాయంగా తెలియదు.

ఇంకో సంగతి. గది మొదటిలా వెచ్చగా లేదు. గొట్టం ముందు తొట్ల మీదుగా తిరిగి అప్పుడు మంచం వైపుకి వస్తోంది. నీళ్ళు వేడినంతా తాగేస్తున్నాయి. మంచం దగ్గర గోడకి చెయ్యి పెడితే చల్లగా తగిలింది. సత్యవేణితో అంటే నీ చెయ్యే చల్లగా ఉందిలే అంది. నేను ఊరుకున్నాను. ఊరుకున్నానే గాని ఇంకేం పనీ చెయ్యలేకపోయాను.

బహుళ ఏకాదశి

పొద్దున పిల్ల పాలు తాగలేదు. రొమ్ము నోటికి అందిస్తే పెదవులు కదపలేదు. అరికాళ్ళు పట్టుకుంటే మంచుముక్కలు. గోళ్ళు నీలంగా ఉన్నాయి. ఏడవడం కూడా లేదు.

తల్లి ఒంటికి హత్తుకోమన్నాను. హత్తుకునే ఉన్నానమ్మా అంది సత్యవేణి. దాని ఒంటి మీద చెయ్యి వేసి చూస్తే అదీ చల్లగా ఉంది. కాన్పులో నెత్తురు పోయి మొహం తెల్లగా పాలిపోయింది. దాని దగ్గర లేని వేడి పిల్లకెక్కడ ఇస్తుంది.

నేను లేచి తొట్టి దగ్గరికి వెళ్ళాను. గొట్టాన్ని తొట్ల మీద నించి లాగేసి మంచం వైపు తిప్పేద్దామని రెండు చేతులతో పట్టుకున్నాను. గుమ్మం అవతల ఇమ్మానుయేలు గారికి గొట్టం చప్పుడు వినపడింది. ఆయన వద్దనలేదు. తిప్పెయ్యండమ్మా అన్నారు. చేపల సంగతి నేను చూసుకుంటాను, ముందు పిల్లని చూడండి అన్నారు. ఆయన చూసుకునేది ఏమీ లేదని మా ఇద్దరికీ తెలుసు.

సత్యవేణి తిత్తి నొక్కడం ఆపలేదు.

“అమ్మా, ఇప్పుడు తిప్పితే అవి ఇవాళే పోతాయి. నా పాలు ఎన్నాళ్ళుంటాయి, నేను తినకపోతే? పిల్లని బయటికి తీసుకెళ్ళు. వెచ్చగా ఉన్నవాళ్ళెవరో ఒకరు ఉంటారు.”

“పురుడే ఇంకా తీరలేదు. బయట చలి.”

“మనుషులు చల్లగా లేరుగా.”

గొట్టం వదిలేశాను. చేతులు కాలాయని తర్వాత తెలిసింది. రవిక విప్పి, పిల్లని గుడ్డలు లేకుండా రొమ్ముల మధ్య పెట్టుకుని, పైన చీర, చీర మీద కంబళి చుట్టుకున్నాను. నా వయసుకి ఒంట్లో ఏం వేడుంటుంది. అదే భయం. గుమ్మం దాటి వీధిలోకి వచ్చాను. పురుటిపిల్లని ముట్టుకుంటే మైల. ఎవరి ఇంటికి వెళ్ళాలి, ఎలా అడగాలి, ఎవరైనా తలుపు వేసుకుంటే ఏం చెయ్యాలి అనుకుంటూ నడిచాను.

నూకరత్నం ఎదురొచ్చింది. బాయిలర్ దగ్గర నించి వస్తోంది, మొహమంతా మసి. ఆవిడకి పిల్లల్లేరు. ఏమైందని అడగలేదు. నా కంబళి ఎత్తి చూసింది. అక్కడే గట్టు మీద, గాలికి వీపు పెట్టి నిలబడి, రవిక ముడి విప్పేసింది.

“ఇలా ఇయ్యి వదినా. పొయ్యి దగ్గర నించి వస్తున్నాను, ఒళ్ళు కాగుతోంది.”

ఇచ్చాను. ఆవిడ పిల్లని లోపల పెట్టుకుని చీర కప్పుకుని, కళ్ళు మూసుకుని నిలబడిపోయింది. నేను పిల్ల తల ఎక్కడుందో అని తడుముతున్నాను. ఆడవాళ్ళు ఒక్కొక్కరూ ఇళ్ళల్లోంచి వచ్చారు. మైల మాట ఎవరూ ఎత్తలేదు. తర్వాత నాకివ్వమంటే తర్వాత నాకని వంతులు చెప్పుకున్నారు.

చాలాసేపటికి నూకరత్నం చీర లోపల చిన్న ఏడుపు వినపడింది. పిల్లిపిల్ల ఏడ్చినట్టు. ఆవిడ కళ్ళు తెరిచి నన్ను చూసింది. పోయిందేమో అనుకున్నాను వదినా, అంది.

బహుళ త్రయోదశి

పిల్ల ఒంటి మీద నించి ఒంటి మీదకి తిరుగుతోంది. పాలకి మాత్రం సత్యవేణి దగ్గరికి తెచ్చి, తాగగానే మళ్ళీ ఎత్తుకుపోతున్నారు. అరికాళ్ళు వెచ్చగానే ఉన్నాయి. జలుబున్నవాళ్ళని దగ్గరికి రానివ్వడం లేదు నేను. ఒకావిడకి కోపం వచ్చింది.

చేపలు ఇంకో రెండు పోయాయి. మిగిలినవాటి వీపులు నల్లబడ్డాయి. ఉన్న ఊక ఎల్లుండి దాకా సరిపోదు. పడవల జాడ లేదు. ఇమ్మానుయేలు గారు గుమ్మం అవతల పీట మీదే ఉన్నారు. ఒకవేళ ఇవి ఏవీ నిలవకపోతే మీరు ఏం చేస్తారని అడిగాను. మీతోపాటే నడుస్తానండి, అన్నారు.

మధ్యాహ్నం లోపలి నించి సత్యవేణి పిలిచింది. పెద్ద బొచ్చె గొట్టం వదిలేసిందమ్మా, అంది.

నేను పరుగెత్తి వెళ్ళాను. నిజమే. గొట్టం దగ్గర లేదు. తొట్టి అవతలి అంచున, నీళ్ళు చల్లగా ఉండే వైపు ఉంది. చచ్చినవి కూడా అలాగే పక్కకి కొట్టుకుపోతాయి. తలుపు సందు దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆయన లేచి నిలబడ్డారు, పీట పడిపోయింది. నిలువుగా ఉందా, పక్కకి ఒరిగిందా చూడమన్నారు. నిలువుగానే ఉంది. మొప్పలు ఆడుతున్నాయా అన్నారు. ఆడుతున్నాయి. వేలు పెట్టి తోక ముట్టుకోమన్నారు. ముట్టుకోగానే విదిలించి నా మొహం నిండా నీళ్ళు కొట్టింది.

చెప్పాను. సందులోంచి చూస్తే ఆయన గోడకి నుదురు ఆనించి నిలబడి ఉన్నారు.

“జ్వరం దిగిందండి,” అన్నారు. “ఇక దానికి వేడి అక్కర్లేదు.”

సాయంత్రానికి ఒక శీలావతి కూడా గొట్టం వదిలింది. ఒక పోతు, గుడ్లున్న పొట్టచేప ఒకటి కూడా విడిపడ్డాయి. మిగతావి ఇంకా గొట్టం కిందే ఉన్నాయి. వాటి మీద ఆశ పెట్టుకోవాలో వద్దో తెలియడం లేదు.

అమావాస్య

పోటుతోపాటు పడవలు వచ్చాయి. సగానికి సగం ఖాళీ. మా అల్లుడు పడవ దిగి కూతురు ఎక్కడని అడిగితే నలుగురు ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకుని ఇప్పుడు ఎవరి దగ్గరుందే అన్నారు. అతనికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

తల్లిచేపలు కొన్నే నిలిచాయి. కాని నిలిచాయి. సత్యవేణి చేతిలో తవుడు తిన్నాయి.

పురుడు తీరిపోయింది కాబట్టి ఇమ్మానుయేలు గారు మొదటిసారి గదిలోకి వచ్చారు. తొట్టి పక్కన గొంతుక్కూర్చుని చాలాసేపు చూశారు. తర్వాత అందర్నీ పిలిచి ఒక మాట చెప్పారు. చెప్పకుండా ఉంటే బాగుండుననిపించింది నాకు. వైరస్ ఈ చేపల్లోంచి పోలేదట. నరాల్లో ఎక్కడో దాక్కుని నిద్రపోతుందట. నీళ్ళు చల్లబడితే మళ్ళీ లేస్తుంది. ఇవి బతికున్నంతకాలం, ఇవి పెట్టిన పిల్లలు ఈ జబ్బుని తట్టుకునేదాకా, వీటికి ఈ వెచ్చదనం తప్పకూడదు. వచ్చిన ఊకతో గట్టిగా కాచగలిగేది ఒక్క గదినే.

తొట్లకి పోగా మంచానికి వేడి మిగలదు. అంటే ఇక ఇది పురిటిగది కాదు.

పెద్దలు వేసుకున్న ఒట్టు అది. నూకరత్నం ఒక్కతే వాల్వు దగ్గరికి వెళ్ళి, అది తిరగకుండా పెద్దలు కట్టిన పాత కట్టు విప్పి, తొట్ల కోసం కొత్తది కట్టింది.

గుంపులో మా వీధి చివరింటి రాజ్యం ఉంది. దానికి ఏడో నెల. అందరి కళ్ళూ దాని మీద పడ్డాయి. నా కళ్ళు కూడా. అది కిందకి చూస్తూ పమిట కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. దీని కాన్పు ఎక్కడ, అప్పటికి చలి ఇంకెంత ముదురుతుంది, పిల్ల నిండుగా పుడుతుందా, నెలలు తక్కువైతే ఎవరెవరికి ఒంట్లో వేడి ఉంటుంది, అప్పటికి నేను ఉంటానా. ఇవన్నీ ఒక్కసారి ముంచుకొచ్చాయి.

రాజ్యం నా దగ్గరికి వచ్చి కూర్చుంది. అప్పుడు మనవరాలు నా వంతులో ఉంది, కంబళి కింద.

“నాకొకసారి ఇయ్యి పిన్నీ,” అంది. “ఎలా పెట్టుకోవాలో నేర్చుకుంటాను.”

కంబళి తీసి పిల్లని దాని చీర లోపలికి జార్చాను. పొట్ట ఎత్తుగా ఉండేసరికి పిల్ల ఒక పక్కకి జారింది. దాని చెయ్యి పట్టుకుని పిల్ల మెడ కింద పెట్టాను. కాస్త పైకి జరుపు. నోరు రొమ్ముకి నొక్కుకుపోకూడదు, ఊపిరి ఆడాలి. కాళ్ళు కప్పు. ఇటు కాదు, ఇటు. తల వాలనీకు.